చల్లటి భట్టి

డెబోరాకు కుర్చీ వేశారు. ముద్రల బల్ల ముందు ఏళ్ల తరబడి నిలబడే పనిచేసిన మనిషికి, వీపు ఆనించుకునే కుర్చీ! అదీ సేటు వెంకటనారాయణ తన చేత్తో పట్టుకొచ్చి, పొట్టు దులిపి మరీ వేశాడు. రంపం మిషను ఆపించాడు. షెడ్డంతా చెవులు గుయ్యిమంటుండగా గొంతు పెంచి చెప్పాడు.

"ఇయ్యాల్టి నుంచి డెబోరా మీకు సూపర్‌వైజర్. భట్టి ఆమెదే, ముద్ర ఆమెదే. ఆమె సంతకం లేకుంట ఒక్క చెక్క గేటు దాటదు. సమజైందా?"

ఆడవాళ్లు చప్పట్లు కొట్టారు. రాధమ్మ చేతిలో ముద్ర పక్కన పెట్టి, నడుం మీద చెయ్యి వేసుకుని, "మేడం గారూ, జెర నీళ్లు తాగొస్త, పర్మిషన్ ఇస్తరా?" అంది. అందరూ నవ్వారు. డెబోరా కూడా నవ్వింది. కుర్చీలో కూర్చోమంటే మాత్రం కూర్చోలేక, అంచున ఆనీ ఆననట్టు ఆనింది. నిలబడి చేసిన కాళ్లకు కూర్చోవడం అంత తొందరగా రాదు.

లక్డారం వెళ్లే దారిలో, రోడ్డుకు కాస్త లోపలగా ఉంది ఆ షెడ్డు. ఉత్తరాది కొండల నుంచి లారీల మీద పైన్ దుంగలొస్తాయి. కోస్తారు, బెరడు చెక్కుతారు, మేకులు దిగ్గొట్టి ప్యాలెట్లు చేస్తారు. సుల్తాన్‌పూర్ ఫ్యాక్టరీల పార్కులో తయారయ్యే ఆస్పత్రి సామాను ఆ ప్యాలెట్ల మీద కూర్చునే ఓడ ఎక్కుతుంది. సామాను దిగే దేశాలకు సామాను భయం లేదు, చెక్క భయం ఉంది. పైన్ బెరడు కింద ఒక పురుగు ఉంటుంది. వడ్లగింజంత కూడా ఉండదు. బెరడుకూ మానుకూ మధ్య దారులు తొలుచుకుంటూ చెట్టు తాగే నీళ్లను కోసేస్తుంది. ఆ పురుగు చెక్కలో దాక్కుని ఓడ దిగిందంటే, అక్కడి అడవికి దాన్ని ఎదిరించడం తెలియదు. అందుకని చెక్కను భట్టిలో పెట్టి, నడిగర్భం దాకా యాభై ఆరు డిగ్రీల వేడెక్కించి, ఆ వేడిలో అరగంట ఉంచాలి. పురుగూ, గుడ్డూ, పిల్లా అన్నీ చావాలి. చచ్చాయని లోకానికి చెప్పే గుర్తు గోధుమ కంకి ముద్ర. ఎర్రగా కాలిన ఇనుప ముద్రను చెక్క మీద అదిమితే బంక చుయ్యిమని పొగలేస్తుంది, కంకి నల్లగా తేలుతుంది. కొంచెం తక్కువైతే మసక, కొంచెం ఎక్కువైతే మాడు. డెబోరా చెయ్యి ఎప్పుడూ తప్పలేదు. సేటు ఆమెను ఎంచుకున్నది ఆ చేతిని చూసే అని ఆమె అనుకుంది.

సూపర్‌వైజర్ కదా, భట్టి చూసి రావాలి. మధ్యాహ్నం అన్నం తిన్నాక వెళ్లింది. ఇన్నేళ్లలో ఆ గదిలోకి ఆమె పోయింది లేదు. భట్టి నడిపే పరంజ్యోతి ఆమె భర్త చార్లీకి మేనమామ. ఆమెను ఈ పనిలో పెట్టించింది ఆయనే. చర్చిలో సంఘ పెద్ద కూడా. లాంతరు వెలుతురులో బైబిలు చదువుకుంటున్న మనిషిలా ఎప్పుడూ తల కొంచెం వంచి ఉంటాడు.

"రా బిడ్డా," అన్నాడు, తల ఎత్తకుండానే. "చార్లీ ఫోన్ చేసిండు. మస్తు ఖుషీగున్నడు. ఆదివారం సాక్ష్యం చెప్పాలె నువ్వు. దేవుడు చేసిన మేలు దాసుకోవద్దు."

"చెప్త మామా."

లోపల ఫ్యాను హోరుమంటోంది. గోడ మీద వేడి చూపించే మిషను తెరలో ఎర్ర గీత నిండుగా పైకెక్కి ఉంది. అరవై దాటింది. డెబోరా ఊరికే, చేతికి ఆనుకోను ఏదో కావాలని, భట్టి ఇనుప తలుపు మీద అరచెయ్యి పెట్టింది. పెట్టి తీసేసింది. మళ్లీ పెట్టింది.

"మామా, తలుపు సల్లగున్నదేంది?"

పరంజ్యోతి స్టూలు మీద కొంచెం జరిగి కూర్చున్నాడు.

"పొద్దుగాల్నుంచి కాలుతుందంటివి?"

"లోపల కాలుతది. బయటికి తెల్వది."

గోడ మీది మిషను నుంచి ఒక సన్నటి వైరు కిందికి దిగి ఉంది. దాని కొసన సూది ఉంటుందని డెబోరా విన్నది. అన్నిటికంటే మందం చెక్కకు బెజ్జం వేసి, ఆ సూదిని నడిమధ్య దాకా దిగ్గొట్టాలని కూడా విన్నది. వైరు తలుపులోకి పోవాలి. పోలేదు. అది పరంజ్యోతి కూర్చున్న స్టూలు వెనక్కి పోయింది. ఆమె ఒక అడుగు పక్కకు వేసి చూసింది. స్టూలు వెనక టీ ఫ్లాస్కు ఉంది. మూత తీసి ఉంది. సూది అందులో ఉంది. ఫ్లాస్కు మూతి నుంచి ఆవిరి లేస్తోంది.

ఎర్ర గీత వేడినీళ్లను చూసి పైకెక్కుతోంది. భట్టి లోపల పైన్ చెక్కలు లారీ దిగినప్పుడు ఎట్లా ఉన్నాయో అట్లాగే ఉన్నాయి.

"కట్టెపొట్టు తడిసింది బిడ్డా," అన్నాడు పరంజ్యోతి, గొంతు దించి. "వానలు మొదలైనంక బాయిలరు అంటుకుంటలే. ఎండిన పొట్టు కొనమంటె సేటు కొనడు. లారీలు ఆగయి. జెర అడ్జస్ట్ చెయ్యమన్నడు."

"ఎన్ని దినాల సంది?"

"అవన్ని అడగకు." అప్పుడు తలెత్తాడు. "నువ్వు బల్లకాడికే పో. ఈడికెందుకొచ్చినవ్?"

*

మర్నాడు శుక్రవారం. భట్టి నుంచి 'కాలి' వచ్చిన చెక్కలు ముద్రల బల్ల మీదికెక్కాయి. కుర్చీ ఖాళీగానే ఉంది. డెబోరా నిలబడే ముద్ర వేసింది. చేతులు ఎప్పటిలాగే కదిలాయి, మనసు మాత్రం ప్రతి చెక్కనూ పసిగుడ్డును చూసినట్టు చూస్తోంది. ఒక చెక్క అంచున బెరడు పట్టీ కాస్త మిగిలి ఉంది. దాని పక్కనే ముద్ర అదిమింది. బంక చుయ్యిమంది. ముద్ర వేడి బెరడు కిందికి పాకింది.

బెరడు అంచు కొద్దిగా కదిలింది. తెల్లటి పురుగు ఒకటి, అన్నం మెతుకంతది, గోధుమ రంగు తలతో బయటికి వచ్చింది. వేడికి తాళలేక ఒళ్లు మెలికలు తిప్పుతూ, ఆరని ముద్ర మీదుగా, నల్లటి కంకి మీదుగా పాకింది.

"అయ్యో మేడం," అంది రాధమ్మ, "మీ భట్టిల స్నానం చేసి బయటికొచ్చింది సూడు! ఎంత తెల్లగైంది!"

ఈసారి డెబోరా నవ్వలేదు. బొటనవేలి గోరుతో పురుగును నొక్కింది. చిన్నగా పచ్చటి తడి. ఆ తర్వాత కత్తి తీసుకుని బెరడు పట్టీని మొత్తం లేపింది. కింద మాను మీద చిన్న పిల్లల గీతల్లాగా దారులు. నడిమి దారి ఒకటి, దాన్నుంచి అటూ ఇటూ దువ్వెన పళ్లలా చీలిన సన్న దారులు. ప్రతి దారి కొసన ఒక తెల్లటి చుక్క. కదులుతోంది.

రాధమ్మ నవ్వు ఆగింది. "గివన్ని బతికే ఉన్నయేందే?"

"మాట్లాడకు," అంది డెబోరా. ఎందుకు మాట్లాడొద్దో ఆమెకే తెలియదు. భయం వచ్చినప్పుడు మనిషి మొదట చేసే పని నోరు మూసుకోవడం, పక్కవాళ్ల నోరు మూయించడం. దీన్ని మనకు ఎవరూ నేర్పలేదు, అయినా అందరికీ వచ్చు.

సేటు కొడుకు శ్రీకర్ అటుగా వచ్చాడు. ఇంజనీరింగు చదివి తండ్రి షెడ్డులో తిరుగుతుంటాడు. చెడ్డవాడు కాదు, అట్లాగని దేనికీ నిలబడేవాడూ కాదు. డెబోరా ఆ చెక్కను అతని ముందు పెట్టింది. అతను చూశాడు. చుట్టూ చూశాడు. ఫోను తీసి, ఒక ఫొటో వెతికి ఆమె ముందు పెట్టాడు.

ఫొటోలో పెద్ద కొండ. కొండ నిండా చెట్లు. చెట్లన్నీ ఎర్రగా, ఎర్రమట్టి రంగులో, అక్కడక్కడా పచ్చటి చుక్కలు.

"మంచిగున్నది తమ్మీ," అంది డెబోరా. "మోదుగ పూసినట్టున్నది."

"పూలు కావక్కా. అవి సచ్చిన చెట్లు. ఆకు ఎర్రగై సస్తయి. కొండ మొత్తం పురుగు తిన్నది. ఒక చెట్టుకెళ్లి ఇంకో చెట్టుకు పోత పోత తిన్నది. ఇగ ఆ దేశపోళ్లు మిగిలినయి కాపాడనీకి సచ్చినయి నరికి కాలబెడుతున్రు."

"మన పురుగా?"

"ఎవల పురుగో ఎవలకు తెలుసు? గిట్ల ముద్రేసుకుని పోయిన పురుగే. మన లోడు ఒకటి పోయిన సారి పోర్టుల పట్టుకున్నరు. లోపల బతికినయి దొరికినయి. లోడు మొత్తం కాలబెట్టి, ఫొటో పంపిండ్రు. ముద్ర వేయించినోడు ఎవలు, పేరు చెప్పమన్నరు."

"ఎవల పేరు చెప్పిండ్రు?"

శ్రీకర్ ఫోను జేబులో పెట్టుకున్నాడు. "పెద్దరాములు మామది. అప్పుడు సూపర్‌వైజర్ ఆయనే కద." కొంచెం సేపు బెరడు వైపు చూశాడు. "సోమారం సుల్తాన్‌పూర్ లోడు పోతదక్కా. నీ పేరు మీద. నేను చెప్పిన అని అనకు."

పెద్దరాములు షుగరు వచ్చి పని మానుకున్నాడని సేటు అందరికీ చెప్పాడు. పండ్లు పట్టుకుని చూడడానికి పోదామని ఆడవాళ్లు అనుకున్నారు కూడా. పోలేదు.

డెబోరా ఆ సాయంత్రం దాకా ముద్రలు వేస్తూనే ఉంది. వేసిన ప్రతి ముద్రా తన చర్మం మీద పడుతున్నట్టే ఉంది. కుర్చీ వైపు చూడాలంటే భయం వేసింది.

*

చార్లీ బండి నడుపుతూ పాట పాడుకుంటున్నాడు. శనివారం సాయంత్రం. లక్డారం లోపలి సందులో పెద్దరాములు ఇల్లు.

"ఈయనకాడికి గిప్పుడెందుకే? రేపు సాక్ష్యం చెప్పాలె, కొత్త చీర చూసుకో పో," అన్నాడు చార్లీ.

"జెర నువ్వు బయటనే ఉండు. బండి బంద్ చెయ్యి."

బండి చప్పుడుకే ఇంటి తలుపు పడింది. గడియ వేసిన చప్పుడు కూడా వినిపించింది. కిటికీ సందులో ఒక కన్ను కనిపించి మాయమైంది. డెబోరా తలుపు కొట్టింది.

"నేను మామా. డెబోరాను. ముద్రల డెబోరాను."

చాలాసేపటికి గడియ తీశారు. పెద్దరాములు బాగా చిక్కిపోయాడు. భుజాల మీద చొక్కా కొక్కేనికి తగిలించినట్టు వేలాడుతోంది. లోపలికి రమ్మనలేదు. ఆమె భుజం మీదుగా సందు చివరి దాకా చూసి, చార్లీని గుర్తుపట్టాక గాలి పీల్చుకున్నాడు.

"నన్ను సూపర్‌వైజర్ని చేసిండు మామా."

పెద్దరాములు ఆమె మొహం చూశాడు. నెమ్మదిగా గడప మీద కూలబడ్డాడు.

"కుర్చీ ఏసిండా?"

"ఏసిండు."

"తనే పట్టుకొచ్చిండా? పొట్టు దులిపి?"

డెబోరా గోడకు ఆనుకుంది. "ఆఁ."

"నాగ్గూడ ఆఫీసుల గట్లనే ఏసిండు. నా పెండ్లాం ఊరంత చెప్పుకున్నది." మోకాళ్లు చేతులతో చుట్టుకున్నాడు. "లోడు పట్టుబడ్డంక సేటే పోయి కేసు పెట్టిండు బిడ్డా నా మీద. భట్టి కాల్చకుంటనే కాలినట్టు ముద్రేయించి మోసం చేసిండని. స్టేషన్ల ఒక్కటే అడిగిండ్రు. సంతకం నీదేనా? నాదే అన్న. ఇగ అంతే. ఆ తర్వాత నేనేం మాట్లాడినా ఎవలూ ఇనలె. పొట్టు తడిసింది సార్ అన్న. సేటే చెయ్యమన్నడు సార్ అన్న. గోడకు చెప్పినట్టే."

"మరి పరంజ్యోతి మామ? భట్టి ఆయనే నడుపుతడు కద? ఆయన చెప్పలేదా?"

"పిలిపిచ్చిండ్రు. అచ్చిండు." పెద్దరాములు నవ్వబోయి ఆగిపోయాడు. "నాకేం తెల్వదు సార్, సూపర్‌వైజర్ చెప్పినట్టు చేస్త అన్నడు. నా మొకం దిక్కు సూడలె. ఆయన్ని తప్పు పట్ట. బిడ్డ పెండ్లి పెట్టుకున్నడు, పని పోతె ఎట్ల? నేనైనా గదే చెప్తుంటినేమో."

సందులోకి ఏదో బైకు మళ్లింది. పెద్దరాములు దిగ్గున లేచి, ఒక చెయ్యి తలుపు మీద వేశాడు. పాలబ్బాయి. అయినా ఆ చెయ్యి తలుపు మీంచి దిగలేదు.

"మానేస్త మామా. సోమారమే మానేస్త."

"మానెయ్యి. ఇంకొకరికి కుర్చీ ఏస్తడు." తలుపు సగం మూశాడు. ఆ సగంలోంచి అన్నాడు. "నేను మానేస్తనంటె పోయిన లోడు లెక్క తేలినంక పొమ్మన్నడు. ఆ లెక్కే ఈ కేసు."

*

ఆదివారం చర్చి నిండుగా ఉంది. ఆరాధన నడుమ సాక్ష్యాల సమయం వచ్చింది. ఇది వీళ్ల ఆనవాయితీ. జబ్బు నయమైతే, పిల్లలు పాసైతే, ఉద్యోగంలో పైకొస్తే, లేచి నిలబడి పదిమందిలో చెప్పాలి, దేవునికి కృతజ్ఞత చెల్లించాలి. మేలు పొంది మౌనంగా కూర్చుంటే కృతఘ్నత అని చిన్నప్పటి నుంచీ నేర్పిన మాట.

పరంజ్యోతి తెల్లచొక్కాలో ముందు నిలబడి, "సహోదరి డెబోరా," అని పిలిచాడు.

రాత్రంతా ఆమె అనుకుంటూనే ఉంది. చెప్పెయ్యాలి. ఇక్కడే, అందరి ముందర, దేవుని ముందర చెప్పెయ్యాలి. భట్టి కాలడం లేదని చెప్పాలి. లేచింది. మైకు చేతికి వచ్చింది. ఎదుట మొహాలన్నీ ముందే సంతోషపడి ఉన్నాయి. మూడో వరసలో చార్లీ, ఒళ్లో కూతురు జెస్సికా. ఇంకో రెండు వరసల వెనక షెడ్డులో మేకులు కొట్టేవాళ్లు, రంపం మీద ఉండేవాళ్లు. వాళ్ల పని, వాళ్ల బియ్యం, వాళ్ల పిల్లల ఫీజులు కూడా ఆ షెడ్డులోనే ఉన్నాయి. మైకు వైరును వేలికి చుట్టుకుంది.

"ప్రభువు నామంలో అందరికీ వందనాలు," అంది. అలవాటుగా వచ్చే మాట. ఆ తర్వాతి మాటలు కూడా అలవాటుగానే వచ్చాయి. అవి ఆమెవి కావు, ఆ మైకువి. "నేను... అల్పురాలిని. నన్ను లేవనెత్తి పెద్ద పని ఇచ్చిన దేవునికి... స్తోత్రం."

సాక్ష్యం ముగిశాక సంఘ పెద్ద "ఆమేన్" అనాలి. ఆయన వెనక అందరూ అంటారు. పరంజ్యోతి పెదవులు కదిలాయి. శబ్దం రాలేదు. ఒక క్షణం ఆగి, వెనక వరసల్లోంచి ఎవరో అన్నారు. తర్వాత అందరూ అన్నారు. పరంజ్యోతి మాత్రం నేల చూస్తూ నిలబడ్డాడు.

బయట చెప్పుల దగ్గర దొరికాడు. తన చెప్పులు కళ్లముందే ఉన్నా ఎవరివో రెండుసార్లు తొడిగి విప్పాడు.

"పెద్దరాములు మామ ఇంటికి పోయొచ్చిన," అంది డెబోరా, మెల్లగా.

ఆయన చెప్పులోకి కాలు పెడుతూ ఆగిపోయాడు.

"రేపు నా కేసుల గూడ గట్లనే చెప్తవా మామా? నాకేం తెల్వదని?"

పరంజ్యోతి రెండో చెప్పు కోసం వంగాడు. జెస్సికా పరిగెత్తుకొచ్చి, "తాతా వందనాలు," అంటే దాని తల మీద చెయ్యి పెట్టాడు. ఆ చెయ్యి తీయడం మరిచిపోయినట్టు అట్లాగే ఉంచాడు.

*

సోమవారం పొద్దున్నే సుల్తాన్‌పూర్ లారీ వచ్చి గేటు దగ్గర ఆగింది. డ్రైవరు బీహారు మనిషి, దిగీ దిగగానే "జల్దీ, జల్దీ," మొదలుపెట్టాడు. ప్యాలెట్లన్నీ భట్టిలో ఉన్నాయి. మిషను మీద ఎర్ర గీత ఎక్కాలి, సంతకం పడాలి, ముద్ర పడాలి, లారీ కదలాలి. ఎప్పుడూ జరిగేది ఇదే.

డెబోరా భట్టి గదిలోకి వెళ్లింది. పరంజ్యోతి ఫ్లాస్కు మూత తిప్పుతున్నాడు.

ఆమెకు ధైర్యం వచ్చిందని రాస్తే అబద్ధం. కానీ ఒక సంగతి మాత్రం తెల్లవారుజామున ఎప్పుడో ఆమెకు తట్టింది. మానేస్తే ఇంకొకరికి కుర్చీ. మాట్లాడకపోతే తనకు స్టేషను. సేటు అందరి ముందు గొంతు చించుకుని చెప్పిన మాట ఒకటుంది. ఆమె సంతకం లేకుండా ఒక్క చెక్క గేటు దాటదు. అది తనను కట్టేయడానికి వేసిన తాడు. కానీ తాడుకు రెండు కొసలుంటాయి కదా, ఒకటి తన చేతిలోనే ఉంది.

"మామా, బరమా తియ్యి."

"ఏందీ?"

"బెజ్జమేసే బరమా. అన్నిటికంటె మందం చెక్క చూసి బెజ్జం వెయ్యి. సూది అండ్ల పెట్టు. నేను సూస్త నిలబడి."

"పొట్టు పచ్చిగుంది బిడ్డా. అంటుకోదు."

"ఎండిన పొట్టు తెచ్చేదాక ఆగుదాం. శుక్రారం ముద్రేసినయి గూడ లోపలికి ఎక్కియ్యి. నేను సూపర్‌వైజర్ని కద. నేను చెప్పినట్టు చేస్తనని నువ్వే అన్నవట కద స్టేషన్ల."

పరంజ్యోతి మొహం ఎవరో కొట్టినట్టు అయ్యింది. ఫ్లాస్కు కింద పెట్టాడు. ఆ తర్వాత లేచి గోడకున్న బరమా తీసుకున్నాడు. తలుపు తెరిచి లోపలికి వెళ్లాడు. చెక్కలోకి ఇనుము దిగుతున్న చప్పుడు, వెంట తెల్లటి పొట్టు రాలడం. సూది దిగింది. తెర మీది ఎర్ర గీత అరవై నుంచి జారి, జారి, వానాకాలపు గాలి ఎంత ఉంటుందో అంత దగ్గర ఆగింది.

డెబోరా ముద్రల బల్ల దగ్గరికి వచ్చి, ముద్రలు కాల్చే కరెంటు స్విచ్చి ఆపేసింది. ఇనుము టిక్కుటిక్కుమంటూ చల్లారసాగింది.

సేటు రావడానికి ఎంతోసేపు పట్టలేదు. అరవలేదు. అరిస్తే ఆమెకు కొంచెం నయంగా ఉండేది. దగ్గరికొచ్చి, అన్నం తిన్నవా అని అడిగేంత మెత్తగా అడిగాడు.

"ఏందమ్మా డెబోరా? లారీ నిలబడ్డది."

"భట్టి కాలాలె సేటూ."

"కాలుతది. రేపటి నుంచి కాలుతది. ఇయ్యాల్టికి కానియ్యి."

"ఇయ్యాల కాలినంకనే సంతకం."

సేటు చుట్టూ చూశాడు. రంపం దగ్గరవాళ్లు చూస్తున్నారు. ముద్రల ఆడవాళ్లు చూస్తున్నారు. భట్టి తలుపు దగ్గర పరంజ్యోతి, చేతిలో బరమాతో, నిలబడి చూస్తున్నాడు.

"పని ఇచ్చినోన్ని, తీసుకునుడు గూడ ఎరుకే నాకు."

ఆమె గొంతు పలచగా, తనకే కొత్తగా వినిపించింది. "తీసెయ్యి సేటూ. నాకేం రంది లేదు. అందరి ముందర కుర్చీ ఏసినవ్ కద, అందరి ముందర్నే తియ్యి. భట్టి కాల్చమన్నదని తీసేస్తున్న అని చెప్పు. గిప్పుడే చెప్పు, లోడు పోకముందే."

షెడ్డులో ఎవరూ కదల్లేదు. సేటు నోరు తెరిచాడు. మూశాడు. చెబితే ఏం చెప్పినట్టవుతుందో ఆయనకు తెలుసు. చెప్పకపోతే లారీ కదలదని కూడా తెలుసు. ఆయన కళ్లు ఒక్కసారి పరంజ్యోతి మీదికి పోయాయి, ఆదుకుంటాడేమోనని.

"పొట్టు తెప్పియ్యండి సేటూ," అన్నాడు పరంజ్యోతి. తల ఎత్తే ఉంది. "ఎండింది. నేను కాలుస్త."

సేటు వెనక్కి తిరిగి గేటు వైపు నడిచాడు. డ్రైవరుతో ఏదో అన్నాడు. "అరే భాయ్, శామ్ హో జాయేగీ," అని, సాయంత్రమైపోతుందని డ్రైవరు నెత్తి కొట్టుకున్నాడు.

ఎండిన పొట్టు బస్తాలు పక్క మిల్లు నుంచి వచ్చాయి. బాయిలరు ముందు పొగలేసి, దగ్గి, చివరికి అంటుకుంది. గీత ఎక్కడం మొదలైంది. ఎంత మెల్లగా ఎక్కిందంటే, చూస్తూ ఉంటే ఎక్కినట్టే కనిపించలేదు. పొద్దు వాలేదాకా డెబోరా తెర ముందు నుంచి కదల్లేదు. గేటు చప్పుడైనప్పుడల్లా పోలీసులే అనుకుంది. చెమట కారుతోంది, అది భట్టిదో భయానిదో తెలియలేదు. తలుపు మీద చెయ్యి పెట్టబోయి, వేడికి వెనక్కి లాక్కుంది. పైన్ బంక కరుగుతున్న వాసన షెడ్డంతా నిండింది. ఈ మధ్య ఈ షెడ్డులో అంత వాసన రాలేదని రాధమ్మ అంది. ఆమెకూ, ముద్రల ఆడవాళ్లకూ డెబోరా పెద్దరాములు కుర్చీ సంగతి చెప్పింది.

గీత యాభై ఆరుకు చేరింది. నిలిచింది. అరగంట నిలిచింది. తలుపు తీశారు. డెబోరా ఒక చెక్క తెచ్చి, బెరడు లేపి, దారులన్నీ కత్తికొనతో తడిమింది. తెల్లటి చుక్కలన్నీ గోధుమ రంగుకు తిరిగి, ముట్టుకుంటే పొడి అయ్యాయి. మళ్లీ స్విచ్చి వేసి, ముద్రలన్నీ పడ్డాక సంతకం చేసింది. సంతకం వంకరగా పడింది.

లారీ పోయింది.

అందరూ చేతులు కడుక్కుంటుండగా సేటు ముద్రల బల్ల దగ్గరికొచ్చాడు. మొహాన నవ్వు ఉంది. డెబోరా వైపు చూడలేదు.

"రాధమ్మా," అన్నాడు, "ఎన్నేండ్ల సంది చేస్తున్నవ్ నువ్వు? నీకు సంతకం చెయ్యొస్తదా?"

రాధమ్మ పదో తరగతి దాకా చదివింది. అక్షరం ముత్యంలా రాస్తుంది. చేతులు కొంగుకు తుడుచుకుంటూ, డెబోరా వైపు ఒక్కసారి చూసి, సేటుతో చెప్పింది.

"యాడ సేటూ, ఏలుముద్రే."

సేటు పక్క మనిషి వైపు తిరిగాడు. "నీకు?"

"నాగ్గూడ ఏలుముద్రే సేటూ."

చివర తనుశ్రీ నిలబడి ఉంది. ఇంటరు పాసై, పని అయిపోయాక డిగ్రీ పరీక్షలకు చదువుకునే పిల్ల. ఆమెకు చదువొచ్చని సేటుకు తెలుసు. పోయిన నెల ఆయన చేతిలో ఇంగ్లీషు లెటరు తీసుకుని చదివి వినిపించింది ఆమే.

తనుశ్రీ గొంతు వణికింది. అయినా చెప్పింది.

"ఏలుముద్రే సేటూ."